డిక్షనరీ బాబాయి గందరగోళాల తూకం

కొంప మునుగుతోందని ఎవరైనా పరుగెత్తుకొస్తే డిక్షనరీ బాబాయి ముందు కొంప వైపు చూడడు. ఆ మునగడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో చూస్తాడు. సరైన మాట దొరికేదాకా తను కదలడు, ఇంకొకరిని కదలనివ్వడు.

పెద్దాసుపత్రి నేలమాళిగలోని లాండ్రీకి ఆయన ఉదయం షిఫ్టు ఇన్‌ఛార్జి. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు రోజుకి రెండు వేల దాకా మాసి కిందికి దిగుతాయి, తెల్లబడి పైకి ఎక్కుతాయి. ఈ దిగడం ఎక్కడాల మధ్య ఆయన చంకలో అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి ఉంటుంది. సబ్బు నీళ్లలో మూడుసార్లు పడి, ఆరి, అది అసలు లావుకి రెండింతలైంది.

గందరగోళాలకి ఆయన దగ్గర మెట్లున్నాయి. అడుగున ఫస్. ఆపైన ఫ్లరీ, కమోషన్, షాంబుల్స్, కేయాస్, బెడ్‌లామ్. అన్నిటికన్నా పైన పాండెమోనియం. ఇరవయ్యారేళ్ల సర్వీసులో దాన్ని ఒక్కసారి కూడా వాడలేదని, అలాంటి మాటని ఊరికే ఖర్చు పెట్టకూడదని చెప్పేవాడు.

ఒకసారి నీళ్ల పైపు పగిలింది. బాయిలర్ దగ్గర పనిచేసే అతను తడిసి ముద్దయి వచ్చాడు.

"బాబాయ్, పైపు పగిలింది."

"ఆగు. నీళ్లు ఒకవైపే పోతున్నాయా, అన్ని వైపులా?"

"అన్ని వైపులా."

"ఎంతమంది అరుస్తున్నారు?"

"నేనొక్కణ్ణే బాబాయ్."

"అయితే కమోషనే. ఇంకో ఇద్దరు అరిస్తే వచ్చి చెప్పు."

ఇంట్లోనూ ఇదే వరస. పాలు పొంగి పొయ్యి మీద పారుతుంటే కుర్చీలోంచి "ఫ్లరీ" అన్నాడట. పిన్ని గరిటెతో బయటికి రాగానే "కమోషన్" అని సవరించుకున్నాడట. ఈ సంగతి ఆయనే సంతోషంగా చెప్పుకునేవాడు.

ఆ సంతోషం మడతలక్కకి బొత్తిగా నచ్చేది కాదు. దుప్పట్లు మడతపెట్టే పనిలో ఉంది కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్లు. సాయంత్రం షిఫ్టులో ఉన్నప్పుడు ఆమె పేరు తప్పుల రిజిస్టర్‌లో రెండుసార్లు ఎక్కింది. 'కారకులు' అనే గడిలో మూడోసారి పేరు పడితే ఇక ఉద్యోగం లేనట్టే. ఇంట్లో నలుగురికీ ఆమె జీతమే ఆధారం. అలాంటి మనిషిని తీసుకొచ్చి, ఇల్లు తగలబడుతుంటే నిప్పుకి పేరు వెతికే ఆయన కింద వేశారు. "నా ఖర్మ" అనుకుని మడతలు పెట్టుకునేది.

ఆ రోజు మెషీన్ మనిషి రాలేదని ఆమే డాక్టర్ల కోట్లు ఉతకడానికి వేసింది. తొందరలో మూటను మూటగానే పడేసింది. ఆ మూట నడుమ పిల్లల వార్డు నుంచి వచ్చిన కొత్త ఎర్ర కర్టెన్ ఒకటి హాయిగా పడుకుని ఉంది. గంట తర్వాత తలుపు తీసి చూస్తే ఎనభై కోట్లు, ఎనభయ్యీ చక్కని గులాబీ రంగు.

పదకొండింటికి బయటి నుంచి పెద్ద డాక్టర్లు వస్తున్నారు. ఆసుపత్రి డాక్టర్లంతా తెల్లకోట్లతో గుమ్మంలో నిలబడాలి. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఈ కబురు ఎవరు మోశారో గానీ సూపరింటెండెంటు మెట్లు దిగి వస్తున్నాడు. మడతలక్క గబగబా కోట్లన్నీ తోపుడుబండిలోకి లాగింది.

"ఎవరు చేశారిది? పేరు చెప్పండి."

డిక్షనరీ బాబాయి ఒక చెయ్యి పైకెత్తాడు. "పేరే చెప్తున్నా సార్. ఇది పాండెమోనియం."

ఆ మాట బయటికి వస్తుందని అక్కడెవరూ అనుకోలేదు.

"ఏమయ్యా, నాలుగు కోట్లకి రంగంటితే పాండెమోనియమా?"

"ఎనభై సార్. పైగా అతిథులు."

"అయితే మాత్రం? ఎవరైనా చచ్చారా, పరుగెత్తారా? ఏదీ, ఆ పుస్తకం ఇలా ఇవ్వు."

పుస్తకం తడికి అతుక్కుపోయి ఉంది. పేజీకొక నిమిషం పట్టింది. మడతలక్క అప్పుడు చూసింది. బాబాయి రెండో చెయ్యి వీపు వెనక ఉంది. అది బ్లీచింగ్ తొట్టి వైపు ఆగకుండా ఊగుతోంది. ఆమె చప్పుడు చెయ్యకుండా కోట్ల బండి తోసుకుంటూ అటు వెళ్లింది. మిగతా ఆడవాళ్లూ వెనకే కదిలారు.

"పోనీ బెడ్‌లామ్ అందామా సార్?"

"బెడ్‌లామ్ కాదయ్యా, గోల ఏదీ? కేయాస్ కూడా కాదు."

"కేయాస్ కన్నా కిందికి నేను దిగను సార్."

"దిగాలి. నేను చదువుకున్నవాణ్ణి, చెప్తున్నా. ఇది షాంబుల్స్. మామూలు షాంబుల్స్. ఇలాంటివి ఎక్కడైనా జరుగుతాయి."

బాబాయి చాలాసేపు తల గోక్కుని ఓడిపోయాడు. రిజిస్టర్ తెప్పించి సూపరింటెండెంటు కళ్లముందే 'షాంబుల్స్' అని రాశాడు. గెలిచిన సంబరంలో సూపరింటెండెంటు అది ఏ గడిలో పడిందో చూడకుండానే సంతకం పెట్టి మెట్లెక్కాడు. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా డెబ్భైతొమ్మిది తెల్లకోట్లు, కాస్త తడిగానే, పైకి వెళ్లాయి.

రిజిస్టర్ బీరువాలో పెట్టబోతూ మడతలక్క తెరిచి చూసింది. అది 'కారకులు' గడి. ఆమె పేరు లేదు, షాంబుల్స్ ఉంది. వెనక పేజీలు తిప్పింది. పైపు పగిలింది బాయిలర్ అతను వాల్వు మూయడం మరిచిపోయినందుకేనని అందరికీ తెలుసు. ఆ రోజు గడిలో మాత్రం కమోషన్. ఇరవయ్యారేళ్ల ఉదయం షిఫ్టులో ఫస్ చేసింది, ఫ్లరీ చేసింది, కేయాస్ అయితే పదకొండుసార్లు చేసింది. మనిషన్నవాడు ఒక్క తప్పూ చెయ్యలేదు.

ఆమెకి నవ్వొచ్చింది.

"బాబాయ్, నిజం చెప్పు. అది షాంబుల్సేనా?"

"కాదమ్మాయ్, పాండెమోనియమే. కానీ బేరం పై నుంచి మొదలుపెడితేనే కదా, ఆయన తనంతట తను దిగొచ్చేది." ఎంతకీ తెల్లబడని ఎనభయ్యో కోటు తొడుక్కుంటూ అన్నాడు బాబాయి. ఆ గులాబీ రంగు ఆయనకి ఏ కోశానా నప్పలేదు.

వారం తిరక్కుండా బాయిలర్ అతను సబ్బు కొలత మరిచిపోయాడు. నురగ గుమ్మం దాటి మెట్ల దాకా పాకింది. మెట్ల మీద సూపరింటెండెంటు బూట్ల చప్పుడు. బాబాయి ఆ పూట సెలవులో ఉన్నాడు, పుస్తకం మాత్రం అక్కడే వదిలి వెళ్లాడు. అందరూ దిక్కులు చూస్తుంటే మడతలక్క బల్ల మీది లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడి ఒక చెయ్యి పైకెత్తింది.

"ఆగండి సార్. ముందు దీన్నేమనాలో తేలాలి."

రెండో చెయ్యి వీపు వెనక ఊగుతోంది.