కింది ఇంటి కిటికీలో స్పెయిన్ వాతావరణం

కింది ఇంటి పెద్దమ్మ పోయిందని బుధవారం పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను పప్పు కడుగుతున్నాను. ఆసుపత్రిలో చేర్చి వారం అయిందో లేదో. కరోనా వల్ల లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు కాబట్టి, బెర్లిన్ నుంచి వచ్చిన కూతురు కూడా కారు పార్కింగులోనే కూర్చుందట. "అమ్మ వంటింటి కిటికీ తెరిచి పెట్టి వెళ్లిందేమో, ఒకసారి చూస్తారా? వాన వస్తే లోపలికి కొడుతుంది" అంది. దిగి వెళ్లి చూశాను. మూసే ఉంది.

ఇది చదివేవాళ్లలో ఎవరికీ ఆమె తెలిసే అవకాశం లేదు. రైన్ నది పక్కన, ఫ్యాక్టరీ గొట్టాలు కనిపించే మా ఊళ్లో, కేబుల్‌లో వచ్చే చిన్న స్పానిష్ టీవీ స్టేషన్ ఒకటి ఉండేది. అందులో ఆమె ఏళ్ల తరబడి వాతావరణం చెప్పింది. ఇప్పుడు ఆ స్టేషన్ లేదు. దాని సంగతి చెప్పగల మనుషులూ పెద్దగా మిగల్లేదు. అందుకని, స్పానిష్ ఒక్క ముక్క రాని నేను రాస్తున్నాను. ఇంట్లో ప్రతి డబ్బా మీదా తేదీ రాసి పెట్టుకునే మనిషిని. ఇదీ ఒక వరసలో చెబుదామని కూర్చున్నాను కానీ, వరస కుదరడం లేదు.

మేం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, పెరట్లో బట్టలారేస్తుంటే ఆమె దగ్గరికొచ్చింది. ఇక్కడ కొత్తవాళ్లని అడిగే ప్రశ్నలు నాకు అలవాటే. మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడు, ఎన్నాళ్లుంటారు, జర్మన్ నేర్చుకుంటున్నావా. ఆమె అవేవీ అడగలేదు. "మీ ఊళ్లో ఇప్పుడు వాన పడుతోందా?" అని అడిగింది. తెలీదన్నాను. "కనుక్కో" అని వెళ్లిపోయింది.

మా ఇద్దరి జర్మనూ అంతంత మాత్రమే. ఆమె వచ్చి యాభై ఏళ్లు దాటినా, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నేర్చుకున్న జర్మనే చివరిదాకా మాట్లాడింది. ఇక్కడివాళ్లు గౌరవంగా అనే ఫ్రావ్ అని పిలిస్తే ఒప్పుకునేది కాదు. మా అమ్మాయి ఓమా అనేది, జర్మన్ పిల్లలు అమ్మమ్మని పిలిచినట్టు. నేను పెద్దమ్మా అన్నాను. దాని అర్థం అడిగి తెలుసుకుని, "సరే, పెద్దదాన్నే కదా" అంది.

ఆ స్టేషన్ ఎలా మొదలైందో ఆమె నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఎక్కువగా మెట్లు తుడుస్తూ చెప్పింది. ఆ పని మా రెండిళ్లదీ వంతులవారీగా ఉండేది కానీ, ఎవరి వంతైనా ఇద్దరం బయటికొచ్చేవాళ్లం. ఫ్యాక్టరీ పనికి స్పెయిన్ నుంచి కుర్రవాళ్లు రైళ్లలో వచ్చిన కాలంలో, వాళ్లందరూ రేకుల షెడ్లలో ఉండేవాళ్లు. సాయంత్రం జర్మన్ టీవీలో వాతావరణం చూసేవాళ్లు. ఆ మ్యాపు ఆల్ప్స్ కొండల దగ్గర ఆగిపోయేది. "కింద ఇంకేమీ ఉండేది కాదు. మా ఊళ్లకి ఆకాశమే లేనట్టు" అనేది పెద్దమ్మ.

ఆమె భర్త ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నేను ఆయన్ని చూడలేదు, మేం రాకముందే పోయారు. మొదట్లో పెళ్లిళ్లు, ఫుట్‌బాల్ ఆటలు వీడియో తీసి స్పానిష్ క్లబ్బులో ఆదివారాలు వేసేవారట. తర్వాత ఊరికి కేబుల్ వచ్చింది. మామూలు జనం తమ కార్యక్రమాలు తామే వేసుకోవడానికి మునిసిపాలిటీ కొంత చోటిచ్చింది. స్పానిష్ వాళ్లకి శనివారం సాయంత్రాలు దొరికాయి. క్లబ్బు నేలమాళిగలో చెక్క బంతులు దొర్లించి ఆడే కేగెల్ ఆట గది ఒకటి వాడకుండా ఉంటే, దాన్నే స్టూడియో చేసుకున్నారు. పొడుగ్గా, సొరంగంలా ఉండే గది. బంతులు వెనక్కి దొర్లివచ్చే పట్టాల మీద కెమెరాని చక్రాల బల్లతో తోసేవాళ్లు. కెమెరా దగ్గరికి రావాలంటే ఒకడు తోయాలి, వెనక్కి వెళ్లాలంటే ఇంకొకడు తాడు లాగాలి. "తాడు లాగేవాడు తాగి వస్తే ఆ వారం అందరి మొహాలూ చాలా పెద్దగా కనిపించేవి" అని నవ్వేది.

కార్యక్రమంలో పింఛను కాగితాలు ఎలా నింపాలో చెప్పేవాళ్లు. వంటలు, పుట్టిన పిల్లలు, పోయినవాళ్లు, ఫుట్‌బాల్. అన్నిటికన్నా జనం ఆగి చూసేది చివర్లో వచ్చే వాతావరణం. పెద్దమ్మ భర్త ఫ్యాక్టరీలో పారేసిన రేకు తెచ్చి, మనిషెత్తు స్పెయిన్ మ్యాపు కత్తిరించి, చెక్క చట్రం కొట్టి రంగు వేశారు. రేకు కాబట్టి అయస్కాంతాలు అంటుకుంటాయి. పసుపు సూర్యుళ్లు, బూడిదరంగు మబ్బులు, నీలం గొడుగులు. అందులో మాడ్రిడ్ లాంటి పెద్ద నగరాలేవీ ఉండవు. ఈ ఊళ్లో బతుకుతున్నవాళ్లు పుట్టిన పల్లెలు మాత్రమే. శనివారం పొద్దున పెద్దమ్మ ఒక్కో పల్లెకి ఫోన్ చేసేది. బ్రెడ్డు కొట్టావిడ, చర్చి గంట కొట్టే ఆయన, బారు యజమాని. వాళ్లు బయటికి చూసి చెబితేనే మ్యాపు మీద బొమ్మ పడేది.

ఒక నియమం మాత్రం ఆయన గట్టిగా పెట్టారట. ఎవరైనా కళ్లతో చూసి చెప్పాలి. ఫోన్ తీయకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచాలి. ఊహించి పెట్టకూడదు. ఒకసారి ఎవరో ఒకాయన తన పొలాలున్న ఊరికి గొడుగు పెట్టమని పెద్ద సాసేజ్ దండ పట్టుకొచ్చాడట. కనీసం టీవీలోనైనా వాన చూసుకుంటానని.

"పెట్టారా?" అని అడిగాను.

"సాసేజ్ తీసుకున్నాం. గొడుగు పెట్టలేదు" అంది.

మా ఆయన వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. ఈ ఫోన్ల సంగతి విని ఆయన ప్రాణం ఊరుకోలేదు. ఒకరోజు పెరట్లో ఆమెకి ఫోన్ చూపించి, "పెద్దమ్మా, అన్ని ఊళ్లూ ఇందులో ఉన్నాయి. గంటగంటకీ అదే మారుతుంది. మీరు ఒక్క బటన్ కూడా నొక్కక్కర్లేదు" అన్నారు.

ఆమె ఫోన్‌ని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఇది ఏ కిటికీలోంచి చూస్తోంది?" అంది.

"కిటికీ కాదండీ, ఉపగ్రహం..."

"మా తమ్ముడికి చలేస్తోందో లేదో దానికి తెలుస్తుందా?"

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని, "డాడీ, ఐన్స్ త్సు నుల్!" అని జర్మన్‌లో ఆట స్కోరు చెప్పినట్టు అరిచింది. ఒకటి–సున్నా అని.

ఆ తమ్ముడే ఆమె సొంత ఊరికి కళ్లు. పెళ్లి చేసుకోలేదు, ఊరు వదల్లేదు. కాలు విరిగాక పక్క పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో చేరాడు. అక్కడి కిటికీలోంచి తమ ఊరి కొండ కనిపిస్తుంది కాబట్టి పరవాలేదని ఆమె ఒప్పుకుంది. ఆమె అన్నిటికన్నా చివర చేసే ఫోన్ అతనికే. మిగతా ఊళ్లన్నీ ఆమె ఎందుకు కనుక్కునేదో నాకు తెలీదు కానీ, ఆ ఒక్క ఊరికోసమే మిగతావన్నీ మోసేదేమో అనిపించేది.

కరోనా వచ్చిన మొదటి వసంతంలో స్టూడియో మూసేశారు. పెద్దమ్మ పట్టు వదల్లేదు. మ్యాపుని మా ఆయన కారు మీద కట్టి తెచ్చారు. కింది అంతస్తు కాబట్టి బాల్కనీ తలుపులోంచి లోపలికి పట్టింది. శనివారం మా అమ్మాయి మాస్కు పెట్టుకుని పెరట్లో నిలబడి, కిటికీలోంచి ఫోన్‌తో వీడియో తీసి స్టేషన్‌కి పంపేది. బళ్లో స్పానిష్ నేర్చుకుంటోంది కాబట్టి తనకి కొంత అర్థమయ్యేది. ఒకరోజు పైకొచ్చి, "మమ్మీ, ఈ వారం చాలా ఖాళీలు ఉన్నాయి" అంది.

చర్చి గంట కొట్టే ఆయన తీయలేదు. బ్రెడ్డు కొట్టావిడ ఇంట్లో ఎవరో తీసి, ఏడ్చి పెట్టేశారు. ఆశ్రమానికి చేస్తే ఒక నర్సు ఎత్తి, "ఒక్క నిమిషం" అని రిసీవర్ బల్ల మీద పెట్టి వెళ్లింది. పెద్దమ్మ వింటూ కూర్చుంది. నేను కిటికీ బయట కూరగాయల సంచి పట్టుకుని నిలబడ్డాను. అటు ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు, ఎక్కడో గంట మోగడం, ఎవరో ఎవరినో పిలవడం ఆమెకి వినిపిస్తూనే ఉంది. లైను తెగిపోయేదాకా విన్నది. ఎవరూ రాలేదు. తర్వాత ఎప్పుడు చేసినా అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తలేదు. తమ్ముడు పోయాడని కొన్నాళ్లకి కబురొచ్చింది. ఏ రోజు పోయాడో కూడా సరిగ్గా చెప్పలేకపోయారు.

ఆ తర్వాతి శనివారం ఆమె ఊరి చోటు ఖాళీగా ఉంది. యాప్‌లో అక్కడ ఎండ ఉందని మా ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఈసారి ఎవరం ఫోన్ తీసి చూపించలేదు.

ఆ ఏడాది చివర్లో స్టేషనే పోయింది. క్లబ్బులో సభ్యులు మిగల్లేదు, నేలమాళిగ అద్దె కట్టేవాళ్లు లేరు. ఆఖరి రోజు కెమెరా తోసేవాడు ఉన్నాడు కానీ, తాడు లాగేవాడు లేడట. స్టేషన్ పాత కార్యక్రమాల క్యాసెట్లు తీసుకుంటారా అని, ఊరి పాత రికార్డులు దాచే ఆర్కైవ్‌కి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఆఫీసు మూసి ఉంది, టెర్మిన్, అంటే ముందుగా అపాయింట్‌మెంట్, తీసుకుని రమ్మన్నారు. ఆ టెర్మిన్ దొరకనే లేదు.

అయినా శనివారాలు ఆగలేదు. పెద్దమ్మ పొద్దున్నే ఫోన్లు చేసి, సాయంత్రం లిప్‌స్టిక్ వేసుకుని, వంటింటి కిటికీ తెరిచి, మ్యాపు పక్కన నిలబడి పెరటికి వాతావరణం చెప్పేది. పైన మా కిటికీలో నేను. ఎదురింట్లో సిగరెట్ తాగే ఒకాయన. ఇంకెవరూ లేరు. ఊళ్లు కొన్నే ఉండడంతో తొందరగా అయిపోయేది.

అలాంటి ఒక శనివారమే తల పైకెత్తి, "నీ ఊరు చెప్పు. నీకు చూసి చెప్పేవాళ్లెవరు?" అని అడిగింది.

మా అక్క జగిత్యాలలో టీచరు. తర్వాతి శనివారం పొద్దున ఫోన్ చేసి సంగతి చెబితే నవ్వింది. "ఏం జెప్పాలె చెల్లె, ఎండ దంచుతున్నది. మా దిక్కు సూర్యుడొక్కడే డ్యూటీ ఎగ్గొడ్తలేడని చెప్పు మీ ముసలమ్మకు."

"నిజంగా బయటికి చూసి చెప్పక్కా. ఊరికే చెబితే ఒప్పుకోదు."

"అబ్బ, చూస్తున్ననే! వాకిట్లనే నిలబడ్డ. కాళ్లు కాల్తున్నయి, పెట్టు ఫోను."

ఆ సాయంత్రం పెద్దమ్మ మ్యాపు చట్రానికి కుడిపక్క, స్పెయిన్‌కి ఎంతో దూరంగా, ఒక మేకు తల మీద పసుపు సూర్యుణ్ని అంటించింది. జగిత్యాలని స్పానిష్ నోటితో "హక్తియాల" అని గట్టిగా చదివింది. ఎదురింటాయన సిగరెట్ తీసి చప్పట్లు కొట్టాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం అక్క వాకిట్లోకొచ్చి ఆకాశం చూసేది. ఒకసారి మబ్బు పట్టిందని పొద్దున్నే తనే ఫోన్ చేసింది. "బొమ్మ మార్చుమను" అంది.

ఆ వేసవిలో అక్కకి జ్వరమొచ్చింది. ఆసుపత్రిలో మంచం దొరికింది, ఆక్సిజన్ దొరకలేదు. బావ ఫోన్ చేసి, "మీ అక్క లేదమ్మా" అన్నాడు. విమానాలు లేవు. ఉన్నా వెళ్లి చేసేదేమీ లేదు.

ఆ శనివారం సాయంత్రం కింద కిటికీ తెరుచుకుంది. ఉన్న ఊళ్లు చదివాక పెద్దమ్మ పైకి చూసింది. ఆమెకింకా తెలీదు. "హక్తియాల?" అంది.

బావని అడగొచ్చు, చెప్పేవాడు. యాప్‌లో చూడొచ్చు. నేను, "ఎవరూ చూడలేదు" అన్నాను.

ఆ మాటకి అర్థం ఆమెకన్నా బాగా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు. మెల్లగా చెయ్యి చాపి సూర్యుణ్ని తీసి, ఏప్రన్ జేబులో వేసుకుంది. తర్వాతి వారాల్లో ఊళ్ల పేర్లు చదివి, చివర్లో మా ఊరి వంతు దగ్గర ఆగేది. ఆగి, కిటికీ మూసేది.

ఆకులు రాలే రోజులకి ఒక్క బారు యజమానే మిగిలాడు. అతనూ బారు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ వారం నేను కిందికి సూప్ ఇవ్వడానికి వెళ్తే, "ఫోన్ బిల్లు తగ్గుతుందిలే" అంది. నవ్వలేదు. శనివారం మాత్రం వేళకి కిటికీ తెరిచింది. లిప్‌స్టిక్ వేసుకుంది. వెనక మ్యాపంతా నున్నగా ఉంది. పెరట్లోకి చూసి ఒకే వాక్యం చెప్పింది. ఎవరూ చూడలేదని; మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమెకి దగ్గు అప్పటికే మొదలైంది.

అంత్యక్రియలకి కొద్దిమందినే రానిచ్చారు. కూతురు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చి, "ఏం కావాలన్నా తీసుకోండి" అంది. మ్యాపు కావాలన్నాను. నేనూ మా ఆయనా మోసుకొచ్చాం. మా మెట్ల మలుపు దగ్గర తిరగలేదు. నిలువుగా పెట్టాం, అడ్డంగా పెట్టాం, మర్నాడు కొలతలు తీసుకుని మళ్లీ ప్రయత్నించాం. పట్టలేదు. కత్తిరిద్దామా అని మా ఆయన అడిగితే వద్దన్నాను. పాత సామాను తీసుకెళ్లే బండి సోమవారం వస్తుంది. కూతురికి ముందే బెర్లిన్ వెళ్లిపోవాలి. శనివారమే పరుపు, కుర్చీలు, క్యాసెట్ల పెట్టెలతో పాటు మ్యాపునీ గేటు బయట గోడకి ఆనించి వెళ్లింది.

సాయంత్రం అదే వేళకి రేకు మీద చప్పుడు మొదలైంది. కిటికీ తెరిచి చూశాను. బొమ్మలేవీ లేని ఆ మ్యాపు మీద, పై అంచు నుంచి కింది సముద్రం దాకా, ఒక్క పల్లె కూడా వదలకుండా నీళ్లు కారుతున్నాయి.

ఆ శనివారం స్పెయిన్ అంతటా వాన పడింది. నేను చూశాను.