అద్దానికి అవతలి మనిషి

నది ఒడ్డున ఆకాశాన్నంటే టవర్‌కి బయటి అద్దాలు తుడిచే అతన్ని ఇంట్లోవాళ్లు సాలీడు అని పిలిచేవారు. పెళ్లికి ముందు నుంచీ అదే పని. నడుముకి తాళ్లు, కాళ్ల కింద ఇనుప ఉయ్యాల, చేతిలో నురగ గీసే రబ్బరు పట్టీ. ఇన్నేళ్లూ లోపలివాళ్లకి ఆకాశం చూపించాడే గానీ, తను లోపల నిలబడి చూసిన పాపాన పోలేదు.

టవర్ ఫోటోలు పెట్టుకునే ఆన్‌లైన్ గుంపులో అతనికి వేరే ఊరి టీచరమ్మ ఒకావిడ పరిచయమైంది. “టవరెక్కి చూడ్డానికి ఎప్పుడొస్తే బాగుంటుందండీ?” అని ఆవిడ అడిగితే, “పొద్దున్నే రండి, నది మీద మంచు విడిపోయే వేళ” అని రాశాడు. అక్కణ్ణుంచి మాట మీద మాట. అతని మోకాలినొప్పికి ఆవిడ చిట్కాలు చెప్పింది. ఆవిడ తల్లికి ఆపరేషన్ జరిగిన రోజు ఇతను పని మధ్యలో పదేపదే కబురడిగాడు. తన మొహం ఉండాల్సిన చోట టవర్ బొమ్మ పెట్టుకున్నాడు. ఏం చేస్తారంటే “టవర్‌లోనే, పై అంతస్తు” అన్నాడు. ఆవిడ ఆఫీసరనుకుంది. కాదని చెప్పకపోవడం ఇతని బుద్ధితక్కువ.

“చెప్పేయరాదూ?” అంది భార్య. “అద్దాలు తుడవడం దొంగతనమేం కాదుగా!”

“ఎదురుపడ్డాక చెప్తాలే. మనిషిని చూస్తే వేరు.”

“నీ ఇష్టం. కొత్త చొక్కా అయినా వేసుకుపో.”

టీచరమ్మ టవర్ చూడ్డానికి ఆ రోజు మధ్యాహ్నం వస్తానంది. ఆలోగా పని ముగించి, లోపలికెళ్లి, పక్కన నిలబడి నదిని చూపించాలని ఇతని ఆశ. యూనిఫాం కింద కొత్త చొక్కా తొడుక్కుని ఉయ్యాలెక్కాడు. పైకప్పు మీద మోటారు నడిపే బావమరిది “ఏం బావా, పెళ్లిచూపులా?” అని అరిచాడు.

ఆవిడ పొద్దున్నే వచ్చేసింది. ఆ వేళే బాగుంటుందని చెప్పింది ఇతనే కదా.

నురగ గీసేసరికి అద్దం వెనక ఫోటోల్లో చూసిన మొహం, పక్కన ఇద్దరు స్నేహితురాళ్లు. ఇతనికి ప్రాణం లేచొచ్చింది. పళ్లన్నీ బయటపెట్టి తడిచెయ్యి ఊపాడు. గుండె మీద వేలితో తట్టుకుంటూ “నేనే, నేనే” అన్నాడు. అంత మందం అద్దంలోంచి మాట పోతుందా? ఆవిడ ముక్కు చిట్లించింది. స్నేహితురాలొకతె చంకలు గోక్కుంటూ కోతి చేష్టలు చేసి చూపించింది. ఎవర్నీ వెక్కిరించకూడదని పిల్లలకి పాఠం చెప్పే ఆవిడ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఇతన్ని ఫోటో తీసింది.

మెళ్లో తాడుకి కట్టుకున్న ఫోన్ మోగింది. చూస్తే తన ఫోటోయే. కింద రాసి ఉంది: “ముందే వచ్చేశానండీ! మీ టవర్ అద్భుతం. ఈ కోతిని కాస్త దింపించరూ? మనిద్దరి ఫోటోకి అడ్డం. మీరొచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను.”

సిగ్గుతో చచ్చిపోయాడు. తిట్టడానికి నోరుంది, అద్దం మీద కొట్టడానికి బకెట్ ఉంది. ఆ పని చేసే రకమైతే కథ ఇంకోలా ఉండేది. మిగిలిన నురగని అంచుదాకా శుభ్రంగా లాగేశాడు, ఆవిడకి నది బాగా కనబడాలని. “అలాగేనండీ” అని పంపాడు.

“ఒరేయ్, దింపరా!”

“ఇంకా సగం ఉంది బావా!”

“దింపమంటే దింపు.”

మోటారు కదిలింది. వాళ్లు చప్పట్లు కొడుతుండగా అతను కిందికి జారిపోయాడు. రెండంతస్తులు దిగాడో లేదో, ఫోన్ మళ్లీ మోగింది.

“అబ్బ, మీ మాటకెంత విలువండీ! ఇక రండి, మీకోసమే చూస్తున్నా.”