ఎనామిలు పేగులు

ముందు టీ తాగండి, నవ్వడం ఎక్కడికీ పోదు. మే నెల ఎండల్లో ఈ పిచ్చయ్య చొక్కా మీద చొక్కా వేసుకుని తిరుగుతున్నాడేంటని సెంటర్లో తలా ఒక మాట అంటున్నారంట. ఒకడు చలిజ్వరం అంటాడు. ఇంకొకడు పెళ్ళిలో పెట్టిన కొత్త చొక్కా అందరికీ చూపించుకోడానికంటాడు. ఎవరో చెబితే వినడం దేనికి, నేనే చెబుతా. మొన్న మా అన్న కూతురు సరోజ పెళ్ళిలో నా కడుపులో ఉన్నవన్నీ జనం చూశారు. మాటవరసకి అనట్లా. పేగులతో సహా చూశారు.

నా పొట్ట సంగతి మీకు తెలియంది కాదు. ఎ.కొండూరులో గారెల పందేనికి నేను కూర్చున్నానంటే, వండే ఆడోళ్ళు మళ్ళీ మినప్పప్పు నానబోసుకునేవాళ్ళు. నేను రాయి మింగితే సాయంత్రానికి సున్నం అయిపోద్ది. ఇది గొప్ప కాదు, ఉన్నమాట.

అయితే మా పంచాయితీ సమితి ఆఫీసు వాళ్ళు ఆహారం, ఆరోగ్యం అని ఒక ఎగ్జిబిషన్ పెట్టారా. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి వంటలూ పిల్లల పెంపకమూ చెబుతారే, ఆ ముఖ్యసేవిక గారే దానికి పెద్ద. మనిషి కడుపులో ఏమేం ఉంటాయో చూపించే నిలువెత్తు చార్టు ఒకటి బెజవాడ నుంచి తెప్పించారు. దాన్ని బస్సు టాపు మీద వేశారు. దారిలో గాలివాన పట్టుకుంది. దింపేటప్పటికి చార్టు కాదు, పెసరట్టు పిండి.

నేను పందిరి గుంజలు దింపడానికి వెళ్ళా. ఆవిడ ఒక చిన్న పుస్తకం ముందేసుకుని దిగాలుగా కూర్చుంది. అందులోనూ అదే బొమ్మ ఉంది గానీ అరచెయ్యంత.

"ఏంటమ్మా ఇందులో?" అన్నా.

ఓపిగ్గా చెప్పింది తల్లి. నోట్లో నమలడంతోనే అరగడం మొదలంట. గొట్టంలోంచి దిగి పొట్టసంచిలో పడి చిలుకుడు పడుద్దంట. కాలేయం అంటే మన కార్జమేనంట. చిన్నపేగు సారం పీల్చుకుంటే, పెద్దపేగు నీళ్ళు పీల్చుకుంటదంట. ఆ పెద్దపేగు మొదట్లో చిన్న తోకలాంటిది వేలాడుతుంటే, ఇదేంటమ్మా అన్నా.

"అది వాచి చీము పడితే మీరు ఇరవైనాలుగ్గంటల కడుపునొప్పి అంటారే, అదే. దానికి ఆముదం పట్టగూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి."



మా అన్న పోయింది ఆ నొప్పితోనే. మీలో కొందరు పాడె కూడా మోశారు. పొద్దున నొప్పి అన్నాడు. కడుపు బిగిసిందని అందరూ అంటే, ఆముదం గిన్నె తెచ్చి పట్టింది నేనే. అప్పుడు ఇట్లాంటి బొమ్మ ఎవరూ చూపించలా. ఆ తోక ఎక్కడుంటదో తెలిసినోడు మా వీధిలో లేడు.

"అమ్మా, చార్టు పోతే పోయింది. నా పొట్ట ఉందిగా. దీని మీద వేయించండి. ఇంత విశాలమైన పొట్ట జిల్లాలో దొరకదు" అన్నా.

ఆవిడ వద్దంది. నేను వింటానా? పుస్తకం పట్టుకుని బోర్డులు రాసే కోటయ్య షెడ్డుకి పోయి చొక్కా విప్పి నిలబడ్డా.

"కడుక్కుంటే పోయే రంగు వేస్తా బాబాయ్" అన్నాడు కోటయ్య.

"పోయే రంగు నాకెందుకురా? చెమటకి కార్జం కారి పంచెలోకి దిగితే సమితి పరువేం గానూ? లారీలకి వేసే ఎనామిలు వెయ్యి."

"అది వదలదు బాబాయ్. ఎల్లుండి నువ్వు పీటల మీద కూర్చోవాలి గదా!"

"కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే లారీ పేరే పోద్ది. నా పొట్ట ఒక లెక్కా?"

వాడు కుంచె ముంచి నా కుడిపక్కకి వచ్చాడు.

"అటెందుకురా? పుస్తకంలో కార్జం ఏ చేతి పక్కనుంది? ఎడం చేతి పక్కన. ఇదిగో నా ఎడం చెయ్యి. ఇటు వెయ్యి."

"అది కాదు బాబాయ్, బొమ్మలో మనిషి మనకి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన కుడి మనకి ఎడం..."

"చదువుకున్నవాళ్ళు అచ్చేసిన దానికంటే నీకు ఎక్కువ తెలుసా?"

కోటయ్య నా ఎడంపక్కకి వచ్చాడు. కార్జం ఎర్రగా, పొట్టసంచి పసుప్పచ్చగా, చిన్నపేగు గులాబీ రంగులో చుట్టలు చుట్టలుగా, దాని చుట్టూ పెద్దపేగు నీలంగా. ఎడంపక్క కింద ఆ తోక మాత్రం నల్లగా, దిట్టంగా వేయించా.

ఎగ్జిబిషన్ నాడు చూడాలి నా వైభోగం! ముఖ్యసేవిక గారు బెజవాడ ఆఫీసర్లతో పిండివంటల స్టాలు దగ్గర ఇరుక్కుపోయి, దూరం నుంచే చెయ్యి ఊపారు. దాంతో లెక్చరు నాదే! బెత్తం పట్టుకుని నా పొట్ట మీద నేనే చూపించుకున్నా. అన్నం బలానికి, పప్పు కండకి, ఆకుకూర రక్తానికి, పాలు ఎముకకి అని గంపలగూడెం నుంచి వచ్చిన జనానికి కూడా గడగడా చెప్పేశా. "బాబాయ్, నీకు ఇంత కండ పప్పుతోనే వచ్చిందా?" అని ఎవడో అడిగితే, "పప్పు ఒక్కటే కాదురా, పక్కోడి విస్తట్లోది కూడా" అన్నా. ఆ తోక దగ్గరికి వచ్చేసరికి మాత్రం జోకులు ఆపేసి, నిదానంగా, రెండేసి సార్లు చెప్పా. ఆముదం వద్దు, ఆముదం వద్దు అని.

అక్కడిదాకా బాగానే ఉంది. ఇంటికొచ్చి కిరసనాయిలు అడిగా.

మా ఆవిడ కొరకొరా చూసింది. మీకు తెలుసుగా, కిరసనాయిలు ఇప్పుడు ఎంత కరువుగా ఉందో. రేషనులో దొరికిందంతా ఊరేగింపు పెట్రోమాక్సు లైట్లకి దాచింది.

"లైట్లకున్నది నీ పొట్టకి పోస్తే, నీ పొట్ట పట్టుకుని ఊరేగుతారా పెళ్ళికొడుకు వాళ్ళు?" అంది.

ఇంక చూడండి నా తిప్పలు. కుంకుడుకాయ రుద్దారు. చింతపండు, బూడిద రుద్దారు. కొబ్బరిపీచుతో రుద్దారు. తోలు లేచింది గానీ పేగు లేవలా. పైగా రుద్దుడికి మెరుగు పట్టింది. వాకిట్లో గేదె కూడా గడ్డి నమలడం ఆపి నా వంకే చూసింది.

పెళ్ళినాడు పొద్దున్నే పీటల మీద కూర్చోవాలి. మా వదిన కూర్చోడానికి లేదాయె. అన్న స్థానంలో నేనూ మా ఆవిడా కన్యాదానం చెయ్యాలి. పంతులుగారు చొక్కా వద్దంటారు. మా ఆవిడ ఏం చేసిందంటే, పసుపూ గంధమూ గట్టిగా కలిపి గోడకి అలికినట్టు నా పొట్ట అలికేసింది. దాని మీద కండువా.

"ఏమయ్యా పిచ్చయ్యా, పెళ్ళికొడుకువి నువ్వా?" అన్నారు పంతులుగారు.

"ఒంట్లో వేడండీ" అన్నా.

పందిట్లో వేడికి గంధం ఎండి పెచ్చులు రాలడం మొదలెట్టింది. ఒక చేత్తో అల్లుడి కాళ్ళు కడుగుతున్నా, ఇంకో చేత్తో కండువా లాక్కుంటున్నా. సరోజ తలొంచుకునే, "బాబాయ్, నీలంది కనపడుతోంది" అని గొణిగింది. మా ఆవిడ గబుక్కున కొంగు అడ్డం పెట్టింది. ఎట్లాగో గట్టెక్కాం. పెళ్ళయిపోయింది. చొక్కా తొడుక్కున్నా. ఇంక నా అంత తెలివైనోడు లేడనుకున్నా.

భోజనాలకి కూర్చున్నారు. పెనుగొలను వియ్యంకుడు గారు గంభీరమైన మనిషి. మితంగా తింటాడు, మితంగా మాట్లాడతాడు. అట్లాంటి మనిషిని వదిలేస్తే నేను పిచ్చయ్యనెట్లా అవుతా?

"ఏంటి బావగారూ, ఆ తినడం? పెనుగొలనులో పిచ్చికలు కూడా ఇంతకంటే ఎక్కువ తింటాయి" అన్నా.

బంతంతా ఘొల్లుమంది. ఆయన మీసం దువ్వి, "వెయ్యండి" అన్నాడు. బొబ్బట్టు మీద బొబ్బట్టు వేశా. వేడి నెయ్యి గరిటెతో కాదు, చెంబుతో పోశా. పులిహోర, పూర్ణాలు, మళ్ళీ బొబ్బట్లు. "చాలు బావగారూ" అంటే, "అరగదనా? తిరువూరు నీళ్ళు తాగితే ఇనుము అరుగుద్ది" అన్నా. ఆయన కూడా పంతానికి తిన్నాడు.

బంతి లేచిన కాసేపటికి పందిట్లో గోల. వియ్యంకుడు గారు మంచం మీద ముడుచుకుపోయి ఉన్నాడు. నుదుటి మీద చెమట, పళ్ళు బిగబట్టాడు. చుట్టూ ఆడవాళ్ళు. పెళ్ళికొడుకు వాళ్ళలో ఒకావిడ అననే అంది: "పిల్ల ఇంకా గుమ్మంలో అడుగే పెట్టలేదు, అప్పుడే మామగారికి ఇట్లా అయింది." ఆ మాట విని సరోజ మొహం తెల్లబోయింది. ఆయనకేమన్నా అయితే ఆ పిల్ల జన్మంతా ఆ మాట పడాల్సిందే. తండ్రి లేని పిల్ల.

ఇంతలో ఎవరో గిన్నె పట్టుకొచ్చారు. దగ్గరికి రాకముందే వాసన తెలిసింది. ఆముదం.

నాకు పందిరి కనపళ్ళా. మా అన్న పడుకున్న నులకమంచం కనపడింది.

"పట్టమాకండి!" అని అరిచి గిన్నె కొట్టేశా. ఆముదం నేల పాలైంది. "బావగారూ, నొప్పెక్కడ? ఎక్కడో సరిగ్గా చెప్పండి!"

ఆయన ఏదో చూపించాడు గానీ, ముడుచుకుపోయిన మనిషి ఎక్కడ చూపిస్తున్నాడో ఎట్లా తెలుస్తది? అప్పుడు నేను ఏమీ ఆలోచించలా. చర్రున చొక్కా చించేశా. గుండీలు ఎక్కడో పడ్డాయి. కొంగుతో కండువాతో అంత కష్టపడి దాచిన పొట్ట, మూడు బంతుల జనం ముందు, ఎనామిలు మెరుపులతో!

ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. సన్నాయి ఆగిపోయింది. పంతులుగారు "హరిహరీ" అన్నారు.

"వేలు పెట్టి చూపించండి బావగారూ. ఇక్కడా? ఇక్కడా?"

ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని నా పొట్టంతా చూశాడు. ముందు నన్ను చూసి భయపడ్డాడో, నొప్పికి భయపడ్డాడో తెలియదు. వేలితో తన ఎడంపక్క కింద నొక్కుకుని, నా ఎడంపక్క కింద చూపించాడు. సరిగ్గా ఆ నల్ల తోక మీద.

"ఇరవైనాలుగ్గంటల నొప్పి! కారు తియ్యండి!"

పూలు కట్టిన పెళ్ళికారులో, పెళ్ళికొడుకు కూర్చోవాల్సిన సీట్లో ఆయన్ని పడుకోబెట్టి, ఆస్పత్రికి తోలించా. నాకు మీద చొక్కా లేదు. తల ఒళ్ళో పెట్టుకుని, "బావగారూ, ఏం కాదు, మా అన్నప్పుడు తెలియలా, ఇప్పుడు తెలుసు" అని ఏడుస్తున్నా. ఆస్పత్రి మలుపులో గుంట ఒకటుందే, అందులో కారు ఎగిరిపడింది. దాంతో వియ్యంకుడు గారు త్రేన్చాడు. అది మామూలు త్రేన్పు కాదు. డ్రైవరు టైరు పేలిందనుకుని బండి ఆపి, దిగి చక్రాలు చూసుకున్నాడు.

డాక్టరు గారు ఆయన్ని అటూ ఇటూ నొక్కి చూసి, "ఏం తిన్నారు?" అన్నాడు.

వియ్యంకుడు గారు నా వంక చూశాడు.

"అజీర్ణం. ఇవాళ మజ్జిగ తప్ప ఏమీ పెట్టకండి" అని డాక్టరు గారు నా పొట్ట దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎవరయ్యా వేసింది? బాగానే వేశాడు. కాకపోతే తిరగేశాడు. కార్జం ఉండేది కుడిపక్క. ఆ తోక కూడా కుడిపక్కే."

అంటే చూడండి. నొప్పి పుట్టించింది నేను. లేని రోగం పేరు పెట్టింది నేను. పేరు పెట్టిన చోటు కూడా తప్పే.

తిరిగొచ్చేటప్పుడు వియ్యంకుడు గారు ఇంటి దగ్గరపడ్డాక అన్నాడు: "బావగారూ, నాకోసం మూడు బంతుల ముందు బట్ట చించుకున్నారు. సొంత తమ్ముడైనా చెయ్యడు. అదొక్కటే మావాళ్ళకి చెబుతా. బొబ్బట్ల సంగతి మాత్రం మనిద్దరి మధ్యే ఉంచండి."

దిగగానే ఆయన సరోజని పిలిచి, "అమ్మాయ్, మజ్జిగ నువ్వే ఇవ్వు" అన్నాడు. ఆ పిల్ల ఇస్తే తాగాడు. ఇందాక మాట అన్నావిడ అటు తిరిగి పూలు సర్దుకుంది.

నేను పెరట్లోకి పోయి గట్టు మీద కూలబడ్డా. మా వదిన వచ్చింది. అన్న పోయినప్పటి నుంచి ఆ రోజు మాట ఆవిడ ఎత్తలా, నేనూ ఎత్తలా. ఆముదం గిన్నె మా ఇద్దరి మధ్యా అట్లాగే ఉండిపోయింది.

"అబ్బాయ్" అంది. "ఆ రోజు కూడా ఇట్లా ఒకడు వచ్చి గిన్నె కొట్టేసుంటే బాగుండేది. నీకు తెలిస్తే కొట్టేసేవాడివే. నాకు తెలుసు."

 ఏదో ఒకటి అనాలిగా.

"తెలిసినా ఎడం పక్కే చూసేవాణ్ణి వదినా" అన్నా.

ఎన్నాళ్ళకో నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, లోపల దాచి ఉంచిన అన్న చొక్కా తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"తొడుక్కో. దాని మీద ఇంకోటి కూడా తొడుక్కో. పలచటి గుడ్డ, కార్జం కనపడుద్ది."