నీడ మన వైపు పడాలి

చాచా పోయారని మొన్న పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "నాయన పోయినాడన్నా. షుగరే. కిడ్నీలు గూడా చెడిపోయినాయి" అన్నాడు. నెల్లూరు నుంచి వచ్చి షార్జాలోనే ముసలివాడైన ఆయన్ని ఆఫీసులో అందరం చాచా అనే పిలిచేవాళ్లం. మధ్యాహ్నానికల్లా మా మేనేజరు ఆఫీసు గ్రూపులో దండం బొమ్మ పెట్టి, "మన ఆఫీసుకు కళ్లు ఆయనే" అని రాశాడు. చదివి నాకు ఒళ్లు మండిపోయింది.

మా పని చాలామందికి తెలియదు. యూరప్‌లో ఎక్కడైనా కొత్తగా కట్టాలంటే, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాయేమో ముందు చూసుకుంటారు. అప్పట్లో విమానాల్లోంచి తీసిన ఫొటోలు మాకు పంపుతారు. బాంబు గుంటలు అనిపించినవాటికి మేం గుర్తు పెట్టాలి. వరసగా తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, స్టీరియోస్కోప్ అద్దాల్లోంచి ఒక్కో కంటితో ఒక్కోటి చూస్తే, గుంట నిజంగానే లోతుగా కనిపిస్తుంది.

నాకిది నేర్పింది చాచానే. "ఒంటి ఫొటో చూసేటప్పుడు నీడ మన వైపు పడేట్టు తిప్పుకో అబ్బయా. లేకపోతే గుంట దిబ్బలాగా, దిబ్బ గుంటలాగా కనపడతాది" అనేవారు. పెద్ద గుంట దొరికిందని నేను సంబరపడితే, "అది పేలిపోయిందిలే. పక్కన చిన్న చిల్లుందేమో చూడు. పేలంది అక్కడుంటాది. రేపు ఎవురో బిడ్డలున్నోడు గునపం దించుతాడు" అని మళ్లీ కూర్చోబెట్టేవారు. సులేమానీ టీ గ్లాసు దూరంగా జరిపి, అద్దాలు చేతిరుమాలుతో తుడిచి, బిస్మిల్లా అనుకున్నాకే పని మొదలు.

షుగర్ ఆయన ఎడమ కన్ను తినేసింది. ఒక్క కంటితో లోతు తెలియదు. అల్ నహ్దాలో మేమిద్దరం ఉండే గదిలో నాకొక్కడికే ఆ సంగతి చెప్పారు. "మావోడి ఇంజనీరింగు అయ్యేదాకా నెట్టుకొస్తే చాలబ్బయా" అన్నారు. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. నీడల్ని బట్టి చూసుకుంటూ, ప్రతి ఫొటో నాతో ఇంకోసారి చూపించుకునేవారు.

మేనేజరుకు అనుమానం వచ్చింది. నేరుగా అడిగితే చాచా చెప్పేవారే. అడగలేదు. ఒకరోజు అందరినీ చుట్టూ నిలబెట్టి, ఒట్టి పొలంలో ఒకే ఒక్క గుంట ఉన్న జంట ఫొటోలను తలకిందులుగా పెట్టి, "చెప్పు చాచా, గుంటా? దిబ్బా?" అన్నాడు. రెండు కళ్లున్నవాడికి ఎటు తిప్పినా అది గుంటే. చాచా వంగి చాలాసేపు చూశారు.

"దిబ్బ సార్."

మేనేజరు పడీపడీ నవ్వాడు. ఇంకొందరు కూడా నవ్వారు. "కావాలని తలకిందులుగా పెట్టారు సార్" అన్నాను. "నువ్వు నోరుముయ్. చాచా, ఖలాస్" అన్నాడు. చాచా నా భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో అబ్బయా" అన్నారు. వెళ్లేముందు ఆ ఫొటోలను సరిగ్గా తిప్పి పెట్టి వెళ్లారు.

ఉద్యోగం, వీసా పోయి చాచా నెల్లూరు వెళ్లిపోయారు. కొడుకు చదువు మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు నెల్లూరులో ఆటో తోలుతున్నాడు. నేను ఆయన నేర్పిన పనితోనే ఇంకా అన్నం తింటున్నాను.

నిన్న ఆ అబ్బాయి సమాధి ఫొటో పంపాడు. ఎండలో నిలబడి పైనుంచి తీశాడు. తెరిచి చూస్తే గుంట కనిపించింది. ఇంకా మట్టి వెయ్యలేదేమో, లోపల చాచా ఉన్నారేమో అనుకున్నాను. అలవాటు కొద్దీ నీడ నా వైపు పడేట్టు ఫోన్ తిప్పి పట్టుకున్నాను.

మట్టి కప్పేశారు.