అల్లుడుగారు చెప్పిన లైనక్స్

నా అయోమయం ఒక ఫారంతో మొదలైంది. రెండు వేల మూడో నాలుగో, సరిగ్గా గుర్తు లేదు. అమలాపురంలో మేడ మీద గది అద్దెకు తీసుకుని, రెండు కంప్యూటర్లు పెట్టుకుని పిల్లలకి టైపింగు నేర్పేవాణ్ణి. నాన్న దృష్టిలో అదొక పనే కాదు. మస్కట్‌లో మా మేనమామ నాకు స్టోర్‌కీపర్ ఉద్యోగం చూసిపెట్టాడు. "ఒక్క పెద్ద పని చేసి చూపించు, ఇక్కడే ఉందువుగాని. లేదంటే మస్కటే" అని తేల్చేశారు నాన్న. నాకు వెళ్ళాలని లేదు. ఇసుమంత కూడా లేదు.

ఆ పెద్ద పని రానే వచ్చింది. ఉప్పలగుప్తం వైపు కొబ్బరిపీచు మిల్లు నడిపే ఒకాయన తన తాళ్ళకీ, డోర్‌మ్యాట్లకీ వెబ్‌సైట్ కావాలన్నారు. బెంగుళూరు వ్యాపారులు సోమవారం ఆ సైటు చూసి ఆర్డరు సంగతి చెబుతారట. నేను కాకినాడలో ఆరు నెలలు నేర్చుకున్న ఏఎస్‌పీ అనే కోడులో పేజీలన్నీ రాసేశాను. ఇక వాటిని ఉంచడానికి హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సర్వరులో చోటు తీసుకోవాలి. ఆయన పంపిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది. సర్వరు విండోసా, లైనక్సా?

నాకు తల తిరిగిపోయింది. విండోస్ లాంటిదే ఇంకోటని వినడమే గానీ, లైనక్స్‌ని నేను కళ్ళతో చూసిన పాపాన పోలేదు. అందులో పెడితే ఇళ్ళల్లో విండోస్ ఉన్నవాళ్ళకి సైటు కనబడుతుందా? ఫోన్ చేసి అడిగితే హైదరాబాద్ ఆయన "రెండూ బాగానే ఉంటాయండి, మీ ఇష్టం" అన్నాడు. నా ఇష్టమేమిటో తెలిస్తే నీకెందుకు ఫోన్ చేస్తాను నాయనా! ఏఎస్‌పీకి విండోసే ఉండాలని కాకినాడలో మా మాస్టారు చెప్పినట్టు లీలగా గుర్తు. వేరే దేని గురించో చెప్పారేమో కూడా.

అప్పుడే అక్కా, కొత్త బావగారూ వచ్చి ఉన్నారు. బావగారిది హైదరాబాద్‌లో కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. గురువారం భోజనాల దగ్గర నాన్న కదిపారు.

"అల్లుడుగారూ, మావాడికేదో విండోసో లైనక్సో అని సందేహంటండి. తమరే తేల్చాలి."

పనసపొట్టు కూర కలుపుతున్న బావగారి చెయ్యి ఆగింది. అమ్మ నెయ్యిగిన్నెతో నిలబడిపోయింది.

"లైనక్సేనండి మావయ్యగారూ. ఇప్పుడంతా అదే" అన్నారు బావగారు.

"ఆయ్, అలాగేనండి" అని నాన్న నా వైపు తిరిగారు. "విన్నావుట్రా?"

"కానీ ఏఎస్‌పీకి..." అని నోరు తెరిచానో లేదో అమ్మ గుడ్లురిమింది. మా ఇళ్ళల్లో కొత్త అల్లుడి మాట కాదనడమంటే ఆయన్ని విస్తరి ముందు నుంచి లేపేసినట్టే. ఉప్పు లేని పప్పు బాగుందని ఆయనంటే ఆ పూటకి ఇంటిల్లిపాదికీ బాగున్నట్టే. పైగా నాకు మాత్రం గట్టిగా తెలుసా ఏం? లైనక్స్‌కి టిక్కు పెట్టి ఫారం ఫ్యాక్స్ చేసేశాను.

సైటు తెరుచుకున్నదే సోమవారం పొద్దున్న. మిల్లు ఆయన నా పక్కనే కుర్చీలో కూర్చున్నారు. అడ్రసు కొట్టాను. మ్యాట్ల బొమ్మలకి బదులు నేను రాసిన కోడంతా తెర నిండా బారులు తీరింది.

"ఇదేంటండీ, ఏదో గీతల్లాగా వస్తోంది?"

"ఒక్క నిమిషమండీ."

ఆ ఒక్క నిమిషం సాయంత్రం దాకా సాగింది. "ఏఎస్‌పీ అయితే విండోస్ పెట్టుకోవాలి కదండీ. మార్చడానికి నాలుగు రోజులు పడుతుంది" అన్నాడు హైదరాబాద్ ఆయన తాపీగా. ఒళ్ళు మండిపోయింది. ఈలోగా బెంగుళూరు వాళ్ళు చూడనే చూశారు, వద్దనే అన్నారు. మిల్లు ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పర్లేదండి, మరోసారి చూద్దాం" అని మెట్లు దిగిపోయారు. మా వైపు వాళ్ళు అంత మర్యాదగా పర్లేదన్నారంటే ఇక మళ్ళీ ఆ గుమ్మం తొక్కరు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పగానే బావగారు నన్ను పెరట్లోకి లాక్కెళ్ళారు.

"నాకు తెలీదు బావా. నేను కీబోర్డులూ మానిటర్లూ అమ్ముతానంతే. అందరూ నా మొహమే చూస్తుంటే తెలీదనడానికి నోరు రాలేదు. తప్పయితే నువ్వు కాదంటావులే అనుకున్నాను."

"మీరు చెప్పేక నేను కాదంటానాండీ?"

కోప్పడాలో జాలిపడాలో నాకు బోధపడలేదు. కానీ మనిషి మంచివాడు. తిన్నగా నాన్న దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదండి మావయ్యగారూ. తెలీకపోయినా చెప్పేసేను. ఇందులో బావ చేసిందేం లేదు" అన్నారు. అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

నాన్న కళ్ళు చెమ్మగిల్లాయి. బావగారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"చూసేవుట్రా? నువ్వు చేసిన వెధవ పని తన నెత్తినేసుకుంటున్నారు. అల్లుడంటే అలా ఉండాలి."

"అయ్యో, కాదండి, నిజంగానే..."

"మీరూరుకోండి అల్లుడుగారూ. వాడి సంగతి నాకు తెలీదా?"

నాన్న చొక్కా తగిలించుకుని మస్కట్‌కి ఫోన్ చెయ్యడానికి ఎస్టీడీ బూత్‌కి బయల్దేరారు. బావగారు చెప్పులేసుకుని, ఇంకా చెబుతూనే ఆయన వెంట పడ్డారు. బావగారు ఎంత చెబితే అంత గొప్పవారవుతున్నారు, నేనంత వెధవనవుతున్నాను. ఆపమని అరుద్దామని గుమ్మంలోకి వచ్చేసరికి ఇద్దరూ వీధి మలుపు తిరిగిపోయారు.