బిడ్డ దగ్గరున్న చేతులు

గోదావరిఖనిలోని ఆ చిన్న దవాఖానకు సుగ్రా బీ నర్సుగా వచ్చి ఇరవై రెండేళ్లు. ఈ మధ్యే కరీంనగర్ పోయి, పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు ఊపిరి ఎట్లా పోయాలో నాలుగు రోజులు నేర్చుకొని వచ్చింది. మిగతావాళ్లకు నేర్పే పని ఆమె మీదే పెట్టారు. ఇచ్చిన సామాను ఒక రబ్బరు బొమ్మ, అరచేతిలో ఇమిడే మాస్కు, చేత్తో నొక్కితే గాలి పంపే అంబూ బ్యాగు.

మొదటి రోజు నలుగురు నర్సులు వచ్చారు. తలుపు దగ్గర నేల తుడుస్తున్న ఆయా ఓదెమ్మను కూడా సుగ్రా బీ పిలిచి కూర్చోబెట్టింది. చిన్న నర్సు భావ్య, ఓదెక్కకు సూదులేసుడు గూడ నేర్పుతవా అని నవ్వింది.

సుగ్రా బీ నవ్వులాటకు పిలవలేదు. అక్కడ షిఫ్టుకు ఒక్క నర్సే. కాన్పయ్యాక నర్సు చేతులు తల్లి దగ్గరే ఉంటాయి. బిడ్డను గుడ్డలో అందుకునేది ఆయా. పందొమ్మిదేళ్లుగా ఓదెమ్మే అందుకుంటున్నది. ఏడవని బిడ్డను కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి వీపు చరిచేది. వాళ్ల అత్త నేర్పిన పద్ధతి అది. కొందరు ఏడ్చేవారు. ఏడవనివాళ్ల గురించి ఆమె ఇంటికి పోయి కూడా మాట్లాడేది కాదు.

సుగ్రా బీ మూడు వారాలు నేర్పింది. మెడ వంగితే గాలి పోదని, కొంచెం ఎత్తాలని, మాస్కు చుట్టూ సందు ఉండొద్దని. వత్తు, వదులు, ఆగు. బొమ్మ ఛాతీ లేచిన ప్రతిసారీ ఓదెమ్మ నోరు కొంచెం తెరుచుకునేది.

పెద్ద డాక్టరు విజయేంద్రకు సంగతి తెలిసింది. ఆయా పరికరం ముట్టుకున్నాక ఏమైనా అయితే జవాబు చెప్పుకోవాల్సింది తానేనని అన్నాడు. ఇంకోసారి ముట్టుకుంటే పనిలోంచి తీసేస్తానని, ఓదెమ్మ వింటుండగానే అన్నాడు. ఆమె కాంట్రాక్టు మనిషి. ఒక్క మాటతో పోయే కొలువు.

సుగ్రా బీ గొంతు పెంచలేదు.

"మా అబ్బాజాన్ బాయిల పని చేసిండు సార్. పైకప్పు కూలితె పక్కన బొగ్గు నింపెటోడే గుంజిండు. ఆఫీసరు దిగేదాక ఆగితె నేను పుట్టేదాన్నే కాదు."

ఇది బొగ్గుబాయి కాదన్నాడు డాక్టరు.

"ఔ సార్. బాయిల ఇంకా జర టైం దొరుకుతది."

క్లాసు ఆగలేదు. ఓదెమ్మ మాత్రం లోపలికి రావడం మానేసింది. తుడుపు కర్ర పట్టుకొని గడప బయటే నిలబడేది. సుగ్రా బీ తలుపు మూయలేదు. మాటలు బయటికి వినబడేటట్టే చెప్పింది.

మే నెల, మధ్యాహ్నం. బొగ్గుబాయిల్లో మొదటి షిఫ్టు దిగినవాళ్ల బస్సులు రోడ్డు మీద పోతున్నాయి. పుట్టింటికి వచ్చిన మైత్రి అనే అమ్మాయికి కాన్పయింది. రక్తం ఆగలేదు. సుగ్రా బీ రెండు చేతులతో ఆమె పొత్తికడుపు వత్తి పట్టుకుంది. డాక్టరు కోసం వాచ్‌మన్ పరుగెత్తాడు. ఓదెమ్మ పట్టుకున్న గుడ్డలో బిడ్డ నీలంగా, మెత్తగా ఉంది.

ఓదెమ్మ తుడిచింది, వీపు రుద్దింది. బిడ్డ ఏడవలేదు. బ్యాగు వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా కొలువు, సిస్టరమ్మా."

"నీ కొలువుకు నేనున్న. పట్టు."

పట్టింది. ఛాతీ లేవలేదు. సుగ్రా బీ చేతులు తీయకుండానే మెడ చూడమన్నది. ఓదెమ్మ మెడ సర్ది, మాస్కు మళ్లీ ఆనించింది. వత్తు, వదులు, ఆగు. ఆ మాటలు ఇప్పుడు ఆమె పెదవులే అంటున్నాయి. ఛాతీ లేచింది. మళ్లీ లేచింది. నీలం కొద్దికొద్దిగా విడిచింది. బిడ్డ మూలిగి, ఆ తర్వాత గదంతా వినబడేటట్టు ఏడ్చింది.

డాక్టరు వచ్చేసరికి రక్తం తగ్గుముఖం పట్టింది. ఆయన బిడ్డ గుండె విని, బాగుందన్నాడు. కేసు షీటు అడిగాడు. ఊపిరి ఇచ్చింది ఎవరన్న చోట సుగ్రా బీ రాసింది: ఓదెమ్మ, ఆయా.

అది కొట్టేసి సుగ్రా బీ పేరే రాయమన్నాడు. అందరికీ మంచిదన్నాడు.

సుగ్రా బీ కలం ఆయన చేతిలో పెట్టింది. "నేను కొట్టెయ్య సార్. మీరే కొట్టేసి, కింద సంతకం పెట్టుండ్రి."

బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది. ఓదెమ్మ నేల మీది రక్తం కడుగుతూ తలెత్తలేదు. డాక్టరు ఆ వరుసను రెండుసార్లు చదివాడు. కలానికి మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. తల్లికి ఇంకో సెలైన్ ఎక్కించమని చెప్పి బయటికి నడిచాడు.

సుగ్రా బీ షీటును ఫైల్లో పెట్టి, దారానికి రెండు ముళ్లు వేసింది.