సైరన్ వినపడని హాస్టల్

ఈ రోజు మా చెల్లెలి కూతురు లతతో కలిసి, తనకి హాస్టల్ చూడ్డానికి కొరాపుట్ దగ్గరి యూనివర్సిటీకి వెళ్లేను. గేటు పక్క హాస్టల్ నాకు నచ్చింది. మా ఊరు సునాబెడ వెళ్లే బస్సు అక్కడే ఆగుతుంది, ఇంటికి రావడం తేలిక. లత మాత్రం క్యాంపస్ ఆ చివర, కొండ వార ఉన్నదే కావాలంది.

"అంత దూరం ఎందుకే అమ్మీ, ఏటుందక్కడ?"

"గేటు దగ్గరికి మన ఊరి ఫ్యాక్టరీ సైరన్ వినపడతాది పెద్దమ్మా. అది కూస్తే నాన్న డ్యూటీకని ఇల్లంతా లేస్తాం. ఇకనైనా నాకు నేనుగా లేవాలి."

నవ్వొచ్చింది. సరేనన్నాను.

సాయంత్రం ఇంట్లో కూర్చునుంటే ఫ్యాక్టరీ సైరన్ కూసింది. లేచి దీపం పెట్టేను. ఇన్నాళ్లూ దేవుడు పిలిస్తేనే లేస్తున్నాననుకున్నాను.

మిమ్మల్ని లేపేది ఎవరు?